పార్కెట్టూ, అమ్మ బకెట్టూ

మా ఆఫీసులో పార్కెట్ అంటే చెక్క కాదు, ఫైలు. 2013లో ట్విట్టర్, క్లౌడెరా కంపెనీల ఇంజనీర్లు కలిసి బయటపెట్టిన ఒక ఫైల్ ఫార్మాట్. డేటాని అడ్డ వరసల్లో కాకుండా నిలువు వరసల్లో, ముక్కలు ముక్కలుగా పేర్చి దాస్తుంది. అసలు పలకాల్సింది "పార్కే" అనట. మేమెవరం అలా పలకం, కాబట్టి ఇక్కడ కూడా పార్కెట్ అనే రాస్తాను. ఏళ్ళ తరబడి దాంతో కుస్తీ పడుతూ కూడా ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని నేనెప్పుడూ ఆలోచించలేదు. పోయిన సంక్రాంతికి ఆలోచించాల్సి వచ్చింది, మా అమ్మ పుణ్యమా అని.

సంగతేంటంటే, అంతకు ముందు సంవత్సరం మా హైదరాబాద్ ఫ్లాటులో ఒక పడగ్గదికీ, దాన్ని ఆనుకుని ఉన్న హాలు ముక్కకీ "ఉడెన్ ఫ్లోరింగ్" వేయించాం. "పార్కెట్ డిజైన్ సార్, యూరప్‌లో అందరూ ఇదే వేస్తారు" అన్నాడు షాపతను. ఇద్దరు కుర్రాళ్ళొచ్చి పాత టైల్స్ మీదే ఒక్క రోజులో టకటకా బిగించేసి వెళ్ళారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. భోగికి ముందు రోజు అమ్మ ఊర్నించి వచ్చింది. పండగ కదా అని, తెల్లారి మేం లేచేలోపే బకెట్టుతో నీళ్ళు కొట్టి ఇల్లంతా శుభ్రంగా కడిగి పెట్టింది. కనుమ నాటికి చెక్కల అంచులు అప్పడాల్లా లేచాయి.

షాపతనికి ఫోన్ చేశాను. "నీళ్ళు పోశారా? అయితే వారంటీ రాదు సార్" అన్నాడు. నేను అమ్మ మీద కాస్త విసుక్కున్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. "నేలన్నాక కడగరా ఏంట్రా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. వెతుకుతూ పోతే మూడొందల ఏళ్ళ వెనక్కి, ఫ్రాన్సు రాజుగారి కోట దాకా వెళ్ళాల్సొచ్చింది. తీరా చూస్తే, పార్కెట్‌కి అంత పేరు రావడం వెనకాల ఉన్నది కూడా నేల కడిగిన నీళ్ళే!

ముందు పేరు సంగతి. ఫ్రెంచిలో "పార్క్" అంటే చుట్టూ కట్టడి ఉన్న స్థలం, దొడ్డి లాంటిదన్నమాట. పార్కే అంటే చిన్న దొడ్డి. న్యాయస్థానంలో అలా కంచె కట్టి వేరుచేసిన చోటుకీ ఈ పేరే వచ్చింది. ఇప్పటికీ ఫ్రాన్సులో ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ల విభాగాన్ని "పార్కే" అనే అంటారు. తర్వాత చెక్క ముక్కల్ని చట్రాల్లో బిగించి వేసిన నేలకి కూడా ఆ మాట అంటుకుంది.

ఇక కోట కథ. వెర్సాయ్‌లో పద్నాలుగో లూయీ రాజు కట్టించిన మహల్లో కొన్ని గదుల్లో మొదట పాలరాయి పరిచారు. రాయి అన్నాక దుమ్ము పడుతుంది, కడగాలి. కడిగిన నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగాయి. కింద ఉన్నవి చెక్క దూలాలు. అవి తడిసి తడిసి కుళ్ళడం మొదలుపెట్టాయి. దాంతో 1684 ప్రాంతంలో పాలరాయి తీసేసి దాని బదులు ఓక్ చెక్కతో పార్కెట్ వేశారు. అంటే పాలరాయి కంటే చెక్క గొప్పదని కాదు, నీళ్ళతో కడగక్కర్లేని నేల కావాల్సొచ్చింది. మా భాషలో చెప్పాలంటే అది కొత్త ఫీచర్ కాదు, బగ్ ఫిక్స్. తర్వాత యూరప్ లోని రాజులూ జమీందార్లూ వెర్సాయ్‌ని చూసి మోజుపడి తమ ఇళ్ళల్లో కూడా వేయించుకునేసరికి అది హోదా అయి కూర్చుంది.

అయితే చెక్కని నేల మీద పరచడం అంత తేలిక కాదు. వానాకాలంలో మన ఇళ్ళల్లో తలుపులు పట్టేస్తాయి చూడండి, అదే ఇక్కడ అసలు సమస్య. చెక్క గాల్లో తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకి తేమ వదిలేసి ముడుచుకుంటుంది. చచ్చిపోయిన చెట్టే గానీ చెక్క ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. అందులోనూ ఒక తిరకాసుంది. నిలువునా, అంటే చెట్టు పెరిగిన దిక్కున దాని పొడవు దాదాపు మారదు. ఉబ్బడం, ముడవడం అంతా అడ్డంగానే.

కొంచెం లెక్క చూద్దాం. గాల్లో తేమ 30 శాతం దగ్గర ఉంటే చెక్కలో తేమ సుమారు 6 శాతానికి వచ్చి నిలుస్తుంది, 80 శాతం దగ్గరైతే సుమారు 16కి. చెక్క అంత తొందరగా పూర్తిగా మారదు కాబట్టి 4 శాతమే మారిందనుకుందాం. అడ్డంగా పది అడుగుల మేర ఓక్ పలకలు ఖాళీ లేకుండా పరిస్తే, ఆ 4 శాతానికి అవి ఉబ్బే మొత్తం 4 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. టేకు అందులో సగమే కదులుతుంది, అందుకే మనవాళ్ళు తలుపులకి టేకు టేకు అని ప్రాణం పెడతారు. అయినా 2 సెంటీమీటర్లు తక్కువేం కాదు. గోడకీ గోడకీ మధ్య బిగించేస్తే ఆ నేల ఎటు పోవాలి? పైకి లేస్తుంది.

వెర్సాయ్ వడ్రంగులకి ఈ లెక్కలు తెలియవు గానీ చెక్క బుద్ధి బాగా తెలుసు. సుమారు మీటరు చదరం ఉండే చట్రం కట్టారు. లోపల ఐమూలగా పట్టీలు అల్లారు. ఆ పట్టీల మధ్య గాడుల్లో చిన్న చిన్న పలకలు కూర్చారు. కుసులూ బెజ్జాలూ చేసి చెక్క మేకులతో బిగించారు. గాడిలో ఉన్న పలక ఉబ్బినా దాని పక్కనే కాస్త చోటుంటుంది, కాబట్టి మొత్తం చట్రం మాత్రం మారదు. మన పాత ఇంటి తలుపుల్లో చట్రం మధ్య పలక కూర్చేది కూడా ఈ కిటుకుతోనే.

చేపముల్లు వరస కూడా అంతే. రోమన్లు ఇటుకల్ని అలా పేర్చి దారులు పరిచేవాళ్ళు. చెక్కలో కూడా అదే వరస వచ్చింది. ముక్కల చివర్లు నలుచదరంగా కోసి ఒకదానికొకటి అడ్డం పెడితే ఒక రకం, చివర్లు ఏటవాలుగా కోసి మొనలు కలిపితే ఇంకో రకం, దీన్ని ఫ్రెంచివాళ్ళు "హంగరీ కుట్టు" అంటారు. అందం సరే, అసలు లాభం వేరే ఉంది. ముక్కలు చిన్నవైతే ఒక్కో ముక్క కదిలేది కొంచెమే. దిక్కులు మారుతుంటాయి కాబట్టి ఉబ్బంతా ఒక్క గోడ మీద పడదు. పెద్ద సమస్యని చిన్న ముక్కలుగా విడగొట్టడం అన్నమాట. మా ఫైల్ ఫార్మాటుకి ఆ పేరు ఊరికే పెట్టలేదు :-)

సరే, కడగక్కర్లేదు. మరి శుభ్రం? ఇక్కడే చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోని మనుషులు వస్తారు. ఫ్రాన్సులో పెద్దిళ్ళల్లో నేల తోమేవాళ్ళు ప్రత్యేకంగా ఉండేవాళ్ళు. మైనం రాసి, పాదానికి బ్రష్షు కట్టుకుని, గది ఈ చివర్నించి ఆ చివరి దాకా కాలితో రుద్దుతూ మెరిపించేవాళ్ళు. అంటే నీళ్ళ పని పోయి మనిషి కాళ్ళ పని వచ్చింది. రాజుగారి సమస్య తీరింది, పనివాడికి కొత్తది మొదలైంది.

1875లో గుస్తావ్ కయ్బొత్ అనే చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. దాని పేరుకి తెలుగులో అర్థం "నేలకి చిత్రిక పట్టేవాళ్ళు". ముగ్గురు మనుషులు, చొక్కాల్లేకుండా, మోకాళ్ళ మీద కూర్చుని పారిస్‌లో ఒక గది నేలని గీస్తుంటారు. కిటికీలోంచి వెలుగు పడుతుంటుంది, చుట్టూ చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా పడి ఉంటుంది. ఆ ఏడాది సలోన్ ప్రదర్శనకి పంపిస్తే తిప్పి కొట్టారు. మరుసటేడు, 1876లో, ఇంప్రెషనిస్టుల రెండో ప్రదర్శనలో పెట్టాడు. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. అప్పటికి రైతుల్ని బొమ్మల్లో వెయ్యడం మర్యాదే గానీ, పట్నంలో కూలి పని చేసేవాణ్ణి అంత పెద్దగా వెయ్యడం మర్యాదస్తులకి నచ్చలేదు.

నాకు ఆ బొమ్మలో ఇంకో విషయం నచ్చింది. వాళ్ళు ఆ నేలని పీకి పారెయ్యట్లేదు, చిత్రిక పడుతున్నారు. పార్కెట్ గొప్పతనమంతా అందులోనే ఉందని నాకనిపిస్తుంది. గీతలు పడినా, మరకలు పడినా, వంకర తిరిగినా పై పొర కొంచెం తీసేస్తే కింద మళ్ళీ కొత్త చెక్క. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి చెక్కని తాతల కాలం నుంచి మనవల దాకా ఎన్నోసార్లు అలా గీకించుకోవచ్చు. ఒక ముక్క పాడైతే ఆ ఒక్క ముక్కే మార్చుకోవచ్చు.

పార్కెట్ అంటే ఎప్పుడూ రాజులదే అనుకోకండి. అమెరికాలో బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకి బోస్టన్ సెల్టిక్స్ నేల తెలిసే ఉంటుంది. అది 1946లో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది, పొడుగాటి కలప దొరకడం లేదు. దాంతో మిగిలిపోయిన రెడ్ ఓక్ ముక్కలు పోగుచేసి, ఒకదానికొకటి అడ్డంగా పేర్చి, అయిదడుగుల చదరపు పలకలు 247 కట్టారు. ఆట అయ్యాక ఊడదీసెయ్యొచ్చు, మళ్ళీ బిగించుకోవచ్చు. 1952లో బోస్టన్ గార్డెన్‌కి మారింది, చివరికి 1999 దాకా ఆ నేల మీదే ఆడారు. బిల్ రస్సెల్, లారీ బర్డ్ అందరూ గెంతింది ఆ తుక్కు ముక్కల మీదే. కొత్త నేల వేసినప్పుడు ఆ చదరాల వరసే ఉంచుకున్నారు. కలప కరువులో పుట్టిన డిజైను జట్టు గుర్తయిపోయింది.

ఇక్కణ్ణుంచి కథ ఫ్రాన్సు వదిలి స్వీడన్‌కి వెళుతుంది. చలికాలంలో ఇళ్ళల్లో హీటర్లు పెడితే గాలి ఎండిపోతుంది, చెక్క ముడుచుకుని సందులు పడతాయి. నిబ్రో అనే ఊళ్ళో గుస్తాఫ్ కేర్ అనే ఆయన 1941లో పొరల నేలకి పేటెంట్ తీసుకున్నాడు. పైన మంచి చెక్క, కింద మామూలు చెక్క పొరలు, ఒకదానికొకటి అడ్డంగా అంటించి. నిలువునా చెక్క కదలదు కదా, ఆ పొర పక్క పొరని అడ్డంగా కదలనివ్వకుండా పట్టుకుంటుంది. వెర్సాయ్ చట్రం చేసే పనిని జిగురుతో చేయించాడన్నమాట. ఇప్పుడు షాపుల్లో "ఇంజనీర్డ్ ఉడ్" అంటున్నది దీన్నే. అయితే పై పొర మూడు నాలుగు మిల్లీమీటర్లే. చిత్రిక పట్టించుకోవచ్చు గానీ ఒకటి రెండుసార్లు, మహా అయితే మూడు.

1977లో స్వీడన్‌లోనే పెర్‌స్టార్ప్ కంపెనీ ఇంకో అడుగు వేసింది. పై పొర చెక్క కూడా ఎందుకు, చెక్క ఫోటో చాలదా? అచ్చువేసిన కాగితం మీద గట్టి ప్లాస్టిక్ లాంటి పొర, కింద చెక్క పొట్టు నొక్కి చేసిన అట్ట. ఇదే లామినేట్. పెర్గో పేరుతో 1984లో యూరప్ మార్కెట్లోకి, 1994లో అమెరికాలోకి వచ్చింది. 1996, 97ల్లో స్వీడన్ కంపెనీ వాలింగే, బెల్జియం కంపెనీ యూనిలిన్ ఎవరికి వాళ్ళు జిగురు లేకుండా టక్కున బిగిసే క్లిక్ పద్ధతి తెచ్చారు. తర్వాత ఇద్దరూ పేటెంట్ల మీద కోర్టుల చుట్టూ తిరిగారు. ఈ గొడవలన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్ళకే అనుకున్నాను, నేల పలకలకి కూడా ఉన్నాయి!

మా ఇంట్లో వేసింది ఇదే. ఫోటో మీద చేపముల్లు వరస అచ్చు వేసి ఉంది, అందుకే దానికి "పార్కెట్ డిజైన్" అని పేరు. షాపతను అబద్ధం చెప్పలేదు, డిజైన్ అన్నాడు కదా. లామినేట్‌ని తీసిపారెయ్యాల్సిన పని లేదు. చౌక, గీతలు తొందరగా పడవు, అద్దె ఇంటికి నప్పుతుంది. కానీ సందుల్లోంచి నీళ్ళు దిగితే లోపలి అట్ట ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిందంటే ఆరాక కూడా మళ్ళీ కిందికి దిగదు. దానికి చిత్రిక పట్టడం కుదరదు, పడితే ఫోటో చిరిగిపోతుంది.

ఇప్పుడు ఈ చరిత్రంతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ప్రతి మెట్టులోనూ నేల ధర తగ్గింది, వేసే సమయం తగ్గింది, చెక్క కదలడం తగ్గింది. బాగు చేసుకోగలగడం కూడా తగ్గుతూ వచ్చింది. మొదటిది తరాల పాటు బాగు చేసుకునేది, రెండోది ఒకటి రెండుసార్లు, మూడోది అసలు లేదు. ఈ మూడింటినీ మన షాపుల్లో ఒకే పేరుతో అమ్ముతున్నారు. నా గొడవంతా అక్కడే.

మన ఇళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. గోదావరి టేకు, అడవుల్లోంచి వచ్చిన మంచి కలప మనకి లేక కాదు. ద్వారబంధాలకి వాడాం, స్తంభాలకి, దూలాలకి, అటకలకి వాడాం. కింద నేలకి మాత్రం వాడలేదు. పేడతో అలికాం, గచ్చు చేశాం, తర్వాత తాండూరు బండలు, కడప బండలు పరిచాం. ఎందుకంటే ఇక్కడ చెదలున్నాయి, ఎండలున్నాయి, చల్లగా ఉండే నేల కావాలి. అన్నిటికీ మించి కడగాలి. గుమ్మం ముందు కళ్ళాపి నుంచి పండగ ముందు ఇల్లు కడగడం దాకా శుభ్రం అంటే మనకి నీళ్ళే. వెర్సాయ్‌లో కడగడం మానేసి నేల మార్చుకున్నారు. నేను నేల మార్చి కడగడం మానాలన్న విషయం ఎవరికీ చెప్పలేదు. అసలు నాకే తెలియదు. అందుకని అమ్మ చేసింది తప్పు కాదు, ఇంట్లో మనుషులు ఎలా బతుకుతారో చూసుకోకుండా నేల కొనడం నా తప్పు.

ఇంత తెలిశాక ఏం చేశానంటే, హాల్లో వేసిందంతా పీకించేశాను. కింద పాత టైల్స్ నిక్షేపంలా ఉన్నాయి, అవే ఉంచాం. పడగ్గదికి మాత్రం మూడు పొరల ఓక్, పై పొర 4 మిల్లీమీటర్లది, చేపముల్లు వరసలో వేయించాం. మీరెవరైనా వేయించుకుంటుంటే పనికొస్తుందని నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కలు:

ఒకటి, షాపులో రంగు అడక్కముందు "పైన అసలు చెక్క ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడగండి. ఒక్కోసారి గీకిస్తే అర నుంచి ఒక మిల్లీమీటరు పోతుంది. ఆ లెక్కన దాని ఆయుష్షు ఎంతో మీకే తెలుస్తుంది. జవాబు చెప్పకుండా నీళ్ళు నమిలితే అది ఫోటో అని అర్థం.

రెండు, కింద కాంక్రీట్ తడిగా ఉందేమో చూడాలి. కొత్త ఇళ్ళల్లో, గ్రౌండ్ ఫ్లోర్లలో ఇది మరీ ముఖ్యం. ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటు నాలుగంచులా టేపు వేసి కాంక్రీట్ మీద అంటించి 16 గంటలు వదిలెయ్యండి. షీటు కింద చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి.

మూడు, చెక్క పెట్టెలు రాగానే బిగించెయ్యకూడదు. కొన్ని రోజులు ఆ గదిలోనే ఉంచి అక్కడి గాలికి అలవాటు పడనివ్వాలి. మా మేస్త్రీ "రేపే వేసేద్దాం సార్" అన్నాడు, నేను ఒప్పుకోలేదు. నడి వేసవిలో బాగా ఎండిన చెక్క బిగిస్తే వానల్లో పైకి లేస్తుంది. నడి వానల్లో వేస్తే ఎండల్లో సందులు పడతాయి.

నాలుగు, గోడ చుట్టూ పది పన్నెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. దాన్ని స్కర్టింగ్ కప్పేస్తుంది. చేపముల్లు వరస గోడ నుంచి మొదలెట్టకూడదు, గది మధ్యలో దారం కట్టి గీత గీసుకుని అక్కణ్ణుంచి రెండు వైపులా పోవాలి, ఎందుకంటే మన గోడలు ఏవీ నిటారుగా ఉండవు.

పని అయ్యాక అమ్మకి ఫోన్ చేశాను. అప్పటి నుంచి "మీ ఇంట్లో చీపురు పట్టుకోవాలన్నా భయమేస్తోందిరా" అంటూ రాకుండా తప్పించుకుంటోంది. లూయీ రాజుగారి పాలరాయి, కుళ్ళిన దూలాలు, మొత్తం కథ చెప్పాను. అంతా విని, "అంటే ఆ రాజుగారింట్లో కూడా ఇదే జరిగిందా?" అంది. అవునన్నాను. "మరి ఆయన వాళ్ళమ్మని ఏమన్నా అన్నాడా?"

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి తనే, "సరేలే, ఈసారి పండక్కి వస్తాను. ఆ గది మాత్రం నువ్వే తుడుచుకో" అంది. పొడి బట్ట కొనిపెట్టాను.